గిడ్డమ్మ మానుకున్న సూది

గిడ్డమ్మ గొంతు మగగొంతయిపోయింది. జలుబు కాదు, గాలి సోకడం కాదు, సూదిమందు! నిరుడు కర్నూలు పెద్దాస్పత్రిలో రాచపుండని ఎడమ రొమ్ము తీసేశారు. ఏడాది తిరక్కముందే రోగం తుంటి ఎముకలోకి దిగింది. మంచం దిగితే కేకలే. అప్పుడు డాక్టరమ్మ, మగవాళ్ల ఒంట్లో ఊరే రసంలాంటి మందును సూదులుగా వెయ్యమని రాసిచ్చింది.

"నొప్పి తగ్గుతుంది, లేచి తిరుగుతావు. గొంతు మారుతుంది, మీసాలు రావచ్చు. రోగం మాత్రం పూర్తిగా పోదు" అని దాచకుండా చెప్పింది. నొప్పి పోతే చాలనుకున్న గిడ్డమ్మ మిగతా మాటలు చెవిన వేసుకోలేదు.

ఊరికి దగ్గర్లోని ఆలూరులో కాంపౌండరు సూదులు వేస్తూ పోయాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆమె లేచి నిలబడి సంగటి కెలికింది. ఆకలి పుట్టింది, ఒళ్లు చేసింది. దాంతోపాటే గడ్డం మీద నల్లటి వెంట్రుకలు, గొంతులో బొంగురు. ఒకరోజు మొగుడు కంబన్న చేనునుంచి వచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఎవరప్పా లోపల?"

"నీ పెండ్లామేలే సామీ, చెప్పులిడిసి రా!"

కంబన్న నవ్వాడు. గిడ్డమ్మ నవ్వలేదు. కూతురు సుంకమ్మ కడుపుతో ఉంది. ఏడో నెలలో ఒడి నింపాలి, కన్నతల్లే నిలబడి నింపాలి. వియ్యపురాలి ఇంటినిండా ఆడవాళ్లుంటారు. వియ్యపురాలు తన గొంతుకు గంధం పూసేటప్పుడు గడ్డానికి చెయ్యి తగలక తప్పదు.

పక్కింటి నాగలక్ష్మమ్మ ఉపాయం చెప్పింది. "సూదితో వచ్చినవి సూది మానితే పోవా అక్కా? ఒక నెల మానుకో."

గిడ్డమ్మ మానుకుంది. మొగుడడిగితే కాంపౌండరు ఊళ్లో లేడనేది. నెల గడిచింది. ఒక్క వెంట్రుకా రాలలేదు, గొంతూ మారలేదు, తుంటినొప్పి మాత్రం తిరిగొచ్చింది. సంగటి కుండ దించబోయి పొయ్యి దగ్గరే కూలబడింది. కంబన్న బండి కట్టి ఆలూరు తీసుకుపోయాడు.

"యాడికి పోయింటివి పెద్దమ్మా ఇన్నాళ్లు?" అన్నాడు కాంపౌండరు, సూది ఉడకబెడుతూ.

కంబన్న పెళ్లాం వైపు తిరిగాడు. "ఊళ్లో లేడంటివే?"

"ఉండాడులేప్పా, కనపడ్ల్యా?" అని కసిరి, కాంపౌండరును అడిగింది. "మానుకుంటే నా గొంతు నాకొస్తాదా నాయనా?"

"వెంట్రుకలు కొన్ని తగ్గినా తగ్గొచ్చు. గొంతు ఇంక ఇంతే పెద్దమ్మా."

గిడ్డమ్మ తుంటి తడుముకుంది. గొంతు ఎటూ రాదు. రానిదానికోసం కాళ్లు కూడా పోగొట్టుకోవడమా?

"పొడువు నాయనా" అంది.

ఒడి నింపే రోజుకు నొప్పి సగమే తగ్గింది. గంధం గిన్నెతో వచ్చిన వియ్యపురాలు గడ్డం దగ్గర చెయ్యి ఆపేసింది. చుట్టూ ఆడవాళ్లు తొంగిచూశారు.

"పూయి వదినా, గుచ్చుకుంటే నీ చేతికి నేనే ఆముదం రాస్తాలే" అంది గిడ్డమ్మ, కొంగు అడ్డం పెట్టుకోకుండా, ఉన్న గొంతుతోనే.

ఎవరో కిసుక్కుమన్నారు. సుంకమ్మ కడుపు పట్టుకుని పకపకా నవ్వింది. వియ్యపురాలూ ఆపుకోలేక గంధం గడ్డమంతా మెత్తింది.

గిడ్డమ్మ గోడ పట్టుకుని లేచింది. తుంటి కలుక్కుమంది. కూతురి ఒడిలో బియ్యం, ఎండుకొబ్బరి, పసుపుకొమ్ములు పోసి, రవికెగుడ్డ పెట్టి, అంతా అయ్యేదాకా నిలబడే ఉంది.