రాజమల్లు అతికించిన కాగితాలు

జర్మనీ యుద్ధం నడిచే రోజులవి. నేత ఇంట పుట్టి, పటాలంలో చేరి, బాక్సింగులో చాంపియన్ అనిపించుకున్న రాజమల్లు, ఎడమకన్ను మసకబారాక వరంగల్లుకు తిరిగొచ్చి నాటకాల కంపెనీలో చేరాడు. ఎంత మనిషి! ద్వారంలో పట్టేవాడు కాదు. కంపెనీ పెట్టిన వెంకట్రాజం చిన్ననాటి దోస్తు. రాజమల్లుకు కీచకుడి వేషమిచ్చాడు. భీముడు మూడోసారి పట్టు పట్టగానే పడిపోవాలి. పందెంలో ఏనాడూ వీపు నేలకు తాకనివాడికి అదెంత కష్టం!

"పడేది కీచకుడు, నువ్వుగాదుర. నీ పేరుకు మచ్చ రానియ్య" అని వెంకట్రాజం దేవుడి పటం ముందు ఒట్టేశాడు. ఆ ఒక్క మాట మీదే రాజమల్లు రంగు పూసుకున్నాడు.

ఓ రోజు హనుమకొండలో ఆట. భార్య చిలుకమ్మ నూలుకు పట్టించే గంజి కుండెడు తీసిస్తే, పొద్దున్నుంచీ తానే గోడలకు నాటకం కాగితాలు అతికించాడు. చదువు రాదాయె. ఏం రాశావురా అంటే "నీ గొప్పలే" అన్నాడు వెంకట్రాజం.

పాన్ డబ్బా ఎల్లస్వామి మాత్రం పగలబడి నవ్వాడు.

"ఏందే మల్లన్నా, నీ పరువుకు నువ్వే గంజి పూసి గోడకు పెడ్తున్నవ్?"

"ఏమున్నది? జర సదువు తమ్మీ."

"చాంపియన్ రాజమల్లును మా భీముడు నిజంగానే పడగొట్టును, ఉత్త నాటకం కాదు. గిట్ల రాసిన్రు."

అప్పటికే ఊరంతా అతికించేశాడు మరి!

డేరాకు పోయి "ఒట్టు పెడ్తివి గదరా రాజం" అన్నాడు.

"రోజూ పడ్తనే ఉంటివి గద! పేరుంటే జనం ఎక్కువొస్తరు. ఫికర్ జెయ్యకు."

మానేసి పోదామంటే, భయపడి పారిపోయాడంటారు. అందుకే వేషం కట్టాడు.

భీముడి వేషంలో ఉన్న సారంగపాణి మూడోసారి పట్టు పట్టి, "పడు మల్లన్నా, దండం పెడ్త" అని గుసగుసలాడాడు. రాజమల్లు పడలేదు. విగ్గు లాగేశాడు.

"అయ్యలారా, నేను రాజమల్లును. నన్నెవ్వడూ పడగొట్టలె. ఇగ పడేది కీచకుడు."

విగ్గు పెట్టుకుని దబ్బున పడ్డాడు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు జనం. నచ్చిన పద్యం మళ్ళీ పాడించుకునే అలవాటు కదా, "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని ఈలలు వేశారు. పరదా చాటునుంచి వెంకట్రాజం సంబరంగా, మళ్ళీ పడమని సైగ చేశాడు.

"లెవ్వే అన్నా, ఇంకోసారట" అన్నాడు సారంగపాణి.

"నన్ను పడగొట్టింది నువ్వుగాదు తమ్మీ. పరద ఎనుకున్నోన్ని రమ్మను."

వెంకట్రాజం రాలేదు. రాజమల్లు వెల్లకిలా పడుకుని, ఆ పరదా వైపే చూస్తూ ఉండిపోయాడు.