ఓడినందుకు శిక్ష

యుద్ధం నడిపిన సేనాధిపతులకు జైలుశిక్ష పడిందని రేడియో చెప్పగానే, ఫెర్మిన్ బాగుచేస్తున్న వలను పక్కన పడేసి ఇంట్లోకి పరుగెత్తాడు.

"విన్నావటే ఎలిదా! మన అబ్బాయి ఉసురు ఊరికే పోలేదు!"

అతని భార్య ఎలిద పొయ్యిలో కట్టె ఎగదోసింది. నాలుగేళ్ల కిందట, ఇంగ్లీషువాళ్ల కింద ఉన్న మాల్వినాస్ దీవులు మనవేనంటూ యుద్ధం మొదలై ఊరంతా జెండాలు ఊపిన రోజుల్లో, సైన్యం నుంచి పిలుపొచ్చిన కొడుకును నది అవతల చుట్టాలింట్లో దాచేద్దామని ఆమె బతిమాలింది. "నా కడుపున పిరికివాడు పుట్టలేదు" అని ఫెర్మిన్ కసిరాడు. పరానా నది ఒడ్డున ఎండలో పెరిగిన అన్సెల్మో ఆ చలిదీవులకు వెళ్లి తిరిగిరాలేదు. ఇంగ్లీషువాళ్ల గుండుకు బలయ్యాడని సైన్యం కబురు పంపింది. ఆ మాట పదిమందికీ చెప్పుకుంటూనే ఫెర్మిన్ బతుకు ఈడుస్తున్నాడు.

సాయంత్రం వెన్సెస్లావ్ వచ్చాడు. దీవుల్లో అన్సెల్మోతో ఒకే కందకంలో ఉన్నవాడు. ఫెర్మిన్ పోసిన వైన్ అతను ముట్టలేదు.

"శిక్ష దేనికో విన్నావా పెద్దాయనా? యుద్ధం సరిగ్గా చెయ్యనందుకట. గెలిచుంటే విగ్రహాలు పెట్టేవాళ్లు."

"ఏదైతేనేంరా, పడిందిగా!"

"మనవాణ్ణి చంపింది ఇంగ్లీషువాళ్లు కాదు." వెన్సెస్లావ్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "బయట చెప్పొద్దని మాచేత సంతకాలు పెట్టించుకున్నారు."

ఆకలికి తాళలేక అన్సెల్మో ఒక గొర్రెను కోశాడు. అందుకు వాళ్ల సొంత లెఫ్టినెంటే అతని కాళ్లూ చేతులూ నేలలో దిగ్గొట్టిన మేకులకు కట్టించి మంచునేల మీద పడుకోబెట్టాడు. కట్లు విప్పబోయినవాళ్లకు తుపాకీ గురిపెట్టాడు.

"అబద్ధం!" అని అరిచాడు ఫెర్మిన్.

"ఆ లెఫ్టినెంటు ఇప్పుడెక్కడున్నాడు?" అంది ఎలిద.

"కెప్టెన్ అయ్యాడమ్మా."

మర్నాడు ముగ్గురూ కోర్టుకు వెళ్లారు. అంతా విన్న గుమాస్తా తల దించుకున్నాడు. "రేడియోలో చెప్పిన ఆ కేసు సేనాధిపతులదమ్మా. ఇందులో ఇది రాదు. మీరు సైన్యానికే చెప్పుకోవాలి."

బయటికొచ్చాక ఎలిద వెన్సెస్లావ్ చెయ్యి పట్టుకుంది. "చివర్లో మన అన్సెల్మో ఏమన్నాడురా?"

"చలేస్తోందన్నాడమ్మా. తర్వాత... చలి వెయ్యట్లేదన్నాడు."

ఫెర్మిన్ రోడ్డు పక్కనే కూలబడ్డాడు. "నువ్వు దాచేద్దామన్నావు కదే..." అంటూ మొహం కప్పుకుని ఏడ్చాడు.

ఎలిద అతని పక్కన కూర్చుంది. ఓదార్చడానికి ఆమెకు నోరు రాలేదు. వదిలేసి వెళ్లడానికి మనసూ రాలేదు.