అల్సీడ్ చేతిలో బిళ్ల

పెతి ఆన్స్ దీవిలో పొద్దు నడినెత్తి దిగగానే రేవు దగ్గర బాదం చెట్టు కింద బల్ల పడుతుంది. దాని చుట్టూ నలుగురు మగవాళ్లు డామినోలు ఆడతారు. రొట్టెలమ్మే ఇస్మేన్ మొగుడు థియోఫిల్, పళ్లన్నీ ఊడిన నెస్టర్, చర్చి గంట కొట్టే బాసిల్, వలలు బాగుచేసే అల్సీడ్. చుక్కలకి చుక్కలు కలిసేలా బిళ్లలు వరసగా పేర్చాలి, చేతిలోవి ముందుగా అయిపోయినవాడిదే గెలుపు. వాళ్ల ఆట ముగిసేదాకా అక్కడ పొద్దు గూకదు. బిళ్ల బల్ల మీద పడే కొద్దీ సూర్యుడు కొంచెం కొంచెం దిగుతాడు. ఎవరైనా బిళ్ల పట్టుకుని ఆలోచనలో పడితే ఆయనా ఉన్నచోటే ఆగుతాడు. ఆలోచించే మనిషిని తొందరపెట్టడం ఆ ఊళ్లో మర్యాద కాదు. ఒకసారి నెస్టర్ చేతిలో బిళ్లతోనే కునుకు తీస్తే, ఆడవాళ్లు రెండో విడత బట్టలు కూడా ఉతికి ఆరేసుకున్నారు. కోళ్లు మాత్రం కాస్త విసుక్కున్నాయి.

ఊరందరికీ హాయిగా ఉన్న ఈ పద్ధతి ఇస్మేన్‌కి మాత్రం గిట్టేది కాదు. ఆమె కర్రపెండలం రొట్టెలు కాల్చి అమ్మేది. ఆ ఊళ్లో ‘ఇదుగో వస్తున్నా’ అంటే ఇవాళైనా కావచ్చు, ఎల్లుండైనా కావచ్చు. అలా అన్నవాళ్ల కోసం రొట్టెలు చల్లారిపోయేదాకా వాకిట్లో నిలబడి ఎదురుచూడడం ఆమె వంతు. పైగా పొద్దు సాగిన కొద్దీ పనీ సాగేది.

“మీ ఆట తగలెయ్య! నడుం పడిపోతోంది, చీకటన్నా పడనివ్వరేమయ్యా!” అని రోజూ చెట్టు దగ్గరికొచ్చి అరిచేది.

“చీకటెక్కడికి పోద్దే? అదే వస్తాది,” అనేవాడు థియోఫిల్ తలెత్తకుండా.

ఇస్మేన్ కాక ఆ ఊళ్లో తొందరమనిషి ఇంకొక్కడే, అల్సీడ్. తగిన బిళ్ల చేతిలో ఉంటే చాలు, ముందూ వెనకా చూడకుండా బల్ల అదిరేలా కొట్టేసేవాడు. అందుకే ఇన్నేళ్లలో ఒక్క ఆటా గెలవలేదు. ఆఖరి బిళ్ల ఊరంతా వినపడేలా కొట్టాలని అతనికి మహా కోరిక.

“అల్సీడు గెలిచిన్నాడు సముద్రం తియ్యనైపోద్ది,” అని నెస్టర్ ఏడిపించేవాడు.

“అవ్వనీ తాతా. నువ్వే బానలో పట్టుకుపోయి తాగుదువుగాని.”

ఆ రోజు ఇస్మేన్ కూతురు ఒడెట్‌కి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. అల్లుడు ఫిల్బెర్ పడవ తీసుకుని, ఎదురుగా కనిపించే గ్రాండ్ కాయ్ దీవికి నర్సు జెర్మేన్‌ని తీసుకురావడానికి వెళ్లాడు. అతను వెళ్లాక ఊళ్లో ముసలమ్మలు ఒడెట్ కడుపు మీద చేతులేసి చూసి మొహాలు చిన్నబుచ్చుకున్నారు. బిడ్డ అడ్డం తిరిగింది. నర్సమ్మ చెయ్యి పడకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. రెండు దీవుల మధ్యా పగడపు దిబ్బ ఉంది. అందులో పడవ పట్టే సందు ఒక్కటే. ఆ సందు కనబడాలంటే పగటి వెలుగు ఉండాలి. చీకట్లో దూరిన పడవలు చెక్కలై ఒడ్డుకొచ్చిన సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

ఇస్మేన్ చెట్టు దగ్గరికి పరిగెత్తింది. ఆట సగంలో ఉంది. ఈసారి ఆమె అరవలేదు.

“నర్సమ్మ వచ్చేదాకా బిళ్ల వెయ్యకండి. మీకు దణ్ణం పెడతాను,” అంది.

వెయ్యబోతున్న బిళ్లని థియోఫిల్ వెనక్కి తీసుకున్నాడు.

“ఆలోచిద్దాం,” అన్నాడు బాసిల్.

నలుగురూ ఆలోచనలో పడ్డారు. సూర్యుడు నిలబడ్డాడు. బాదం చెట్టు నీడ కదలలేదు. ఇంట్లోంచి ఒడెట్ కేకలు రేవు దాకా వినిపిస్తున్నాయి. ఎంత చూసినా సముద్రం మీద పడవ జాడ లేదు.

ఇస్మేన్ రొంటినున్న ఫోను మోగింది.

“అత్తా, నర్సమ్మ బాప్తిస్మం విందులో కూర్చుంది,” అన్నాడు ఫిల్బెర్. “మేకమాంసం ఇంకా ఉడకలేదంట. ‘తొలికాన్పు, నెమ్మదిగా అవుద్ది నాయనా. పొద్దు చూడు, ఎక్కడుందో! ఇదుగో వస్తున్నా’ అంటోంది.”

“ఒరేయ్, బిడ్డ అడ్డం తిరిగిందిరా!” అని ఇస్మేన్ అరిచింది. అప్పటికే అల్లుడి ఫోను చచ్చిపోయింది. మళ్లీ చేసినా మోగలేదు.

ఆమె తలెత్తి సూర్యుణ్ని చూసింది. తర్వాత ఆ నలుగురినీ చూసింది. అప్పుడు తెలిసింది చేసిన పొరపాటు. నర్సమ్మ రావాలని వీళ్లు పొద్దుని పట్టుకుని కూర్చున్నారు. పొద్దుందని ఆవిడ అక్కడ తీరిగ్గా కూర్చుంది.

“ఆడండి. పొద్దు దించండి,” అంది ఇస్మేన్.

“నీకేమన్నా పిచ్చెక్కిందా?” అన్నాడు థియోఫిల్.

“పొద్దు వాలకపోతే ఆవిడ లేవదయ్యా! కొబ్బరి తలల దాకా దించండి. అక్కడ ఆపండి.”

బిళ్లలు పడ్డాయి. మాటల్లేవు, ఎకసెక్కాల్లేవు. సూర్యుడు చర్చి కప్పు దాటాడు, కొండ భుజం దాటాడు. నీడలు సాగి నీళ్లలోకి దిగాయి. ఎవరి చేతిలో ఏముందో, ఎవరు గెలుస్తున్నారో పట్టించుకున్నవాడు లేడు. సూర్యుడు కొబ్బరి తలలకి ఆనుకునేసరికి మిగతా ముగ్గురికీ రెండేసి బిళ్లలున్నాయి. అల్సీడ్ చేతిలో మాత్రం ఒక్కటే ఉంది. వంతు అతనిదే. బల్ల మీది వరస చివర ఐదు చుక్కలున్నాయి.

“నా దగ్గర ఐదుంది,” అన్నాడు అల్సీడ్.

నెస్టర్ కూడా నవ్వలేదు. ఆ బిళ్ల పడితే ఆట అయిపోతుంది. దూరంగా, గ్రాండ్ కాయ్ ఒడ్డు నుంచి గోరంత తెరచాప అప్పుడే బయల్దేరింది.

అల్సీడ్ చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. జన్మంతా అలవాటైన చెయ్యి.

“అల్సీడూ!” అంది ఇస్మేన్.

అతను చెయ్యి దించి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. నుదుటి మీంచి చెమట కారుతోంది.

“ఆలోచిస్తున్నా వదినా,” అన్నాడు.

పడవ దిబ్బ దాకా వచ్చింది. సందులో వంకర తిరిగింది. ఇవతలకి వచ్చాక ఫిల్బెర్ శంఖం ఊదాడు. ఇస్మేన్ నీళ్లలోకి దిగి నర్సు చెయ్యి పట్టుకుని లాగింది. జెర్మేన్ రెండో చేతిలో మేకమాంసం గిన్నె ఉంది.

“ఇవాళేంటమ్మా, పొద్దు ఉన్నట్టుండి జారిపోయింది! ముద్ద నోట్లో పెట్టానో లేదో...” అంటూనే ఒడెట్ కేక విని గిన్నె ఇసకలో పడేసి పరిగెత్తింది.

లోపల ఆవిడ చేతులు తొందరపడలేదు, ఆగనూ లేదు. బిడ్డని నెమ్మదిగా తిప్పింది. చాలాసేపటికి ఆడపిల్ల ఏడుపు వినపడింది. ఊరంతా వచ్చి వాకిట్లో పడింది. థియోఫిల్, బాసిల్, నెస్టర్ కూడా కుర్చీలు తోసుకుని వచ్చేశారు. పడమటి కిటికీలోంచి పసుపు వెలుగు మంచం మీద పడుతోంది. ఆ వెలుగులో ఒడెట్ కూతురి వేళ్లూ కనుబొమ్మలూ చెవులూ తడిమి తడిమి చూసుకుంటోంది. ఇస్మేన్ అలవాటుగా దీపం కోసం వెళ్లి ఆగిపోయింది. ఇంకా చీకటి పడలేదు. ఎందుకు పడలేదో గుర్తొచ్చి రేవు వైపు నడిచింది.

చెట్టు కింద అల్సీడ్ ఒక్కడే ఉన్నాడు. చెయ్యి ఇంకా తొడ కిందే ఉంది.

“ఆడపిల్ల,” అంది ఇస్మేన్. “ఇద్దరూ బాగున్నారు. ఇంక కొట్టు అల్సీడూ. ఊరంతా మా ఇంటి దగ్గరే ఉంది. ఇక్కడ కొడితే వినపడుద్ది.”

అతను కిటికీ వైపు చూశాడు. “తల్లి బిడ్డని చూసుకుందా?”

“చూసుకుంటోంది.”

“చూసుకోనీ మరి. తొందరేముంది?”

ఆ మాట ఇంకెవరన్నా అంటే ఇస్మేన్‌కి ఒళ్లు మండేది. ఇప్పుడు ఏడుపొచ్చింది. మొగుడి కుర్చీ లాక్కుని, ఎన్నడూ కూర్చోని ఆ చెట్టు కింద కూర్చుంది. నీళ్లు ఒడ్డుని తాకి వెనక్కి పోతున్నాయి. ఇక్కడ గాలి ఇంత చల్లగా ఉంటుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలీదు. ఎంతసేపు కూర్చున్నారో ఇద్దరూ చూసుకోలేదు.

చివరికి థియోఫిల్ కిటికీలోంచి తల బయటపెట్టి నోటి మీద వేలేసుకున్నాడు. పాప నిద్రపోయింది.

అల్సీడ్ తిమ్మిరెక్కిన చెయ్యి బయటికి తీశాడు. బిళ్లని తల పైదాకా ఎత్తాడు. కిటికీ వంక మరోసారి చూసి, అతను చెయ్యి మెల్లగా దించాడు. బిళ్లని చప్పుడు కాకుండా ఐదు చుక్కల పక్కన పెట్టాడు.

“గెలిచావు,” అని గుసగుసగా అంది ఇస్మేన్.

అప్పుడు చీకటి పడింది.