తూబాబాద్ ముట్టడి

వసీమ్‌కూ మహేంద్రకూ పడదు. ఉప్పూ నిప్పూ అంటారే, ఆ బాపతు. అలాంటి ఇద్దరినీ కాజీపల్లి మందుల ఫ్యాక్టరీ ఒకే రియాక్టర్ మీద వేసింది, చాలదన్నట్టు ఉండటానికి ఒకే గది కూడా ఇచ్చింది. ఒకడి డ్యూటీ ఎనిమిది నుంచి నాలుగు, రెండోవాడిది నాలుగు నుంచి పన్నెండు, వారానికోసారి తారుమారు. ఒకడు లేచేసరికి ఇంకొకడు నిద్రలో ఉంటాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎప్పుడో తలలు పగిలేవి.

పగ మొదలైంది లాగ్‌బుక్ దగ్గర. అరగంటకోసారి మీటరు చూసి వేడి ఎంతో, ప్రెజర్ ఎంతో అందులో రాయాలి. అక్కడ రాయనిది జరగనట్టే, అబద్ధం రాస్తే దొంగతనం చేసినట్టే. కిందటేడు మహేంద్ర రెండు గంటలు కునుకు తీసి, లేచి, నాలుగు గడులూ ఒక్క ఊపున నింపేశాడు. ముందుగా వచ్చిన వసీమ్ గురకా విన్నాడు, ఆ నింపడమూ చూశాడు. సూపర్‌వైజర్ మొగులయ్యను పిలిచి, పదిమంది ముందు ఆ గడుల మీద వేలు పెట్టి చూపించాడు. మహేంద్రకు మెమో వచ్చింది, రావలసిన ప్రమోషన్ పోయింది. దిగేవాడి రాతను ఎక్కేవాడు సరిచూశాకే సంతకం పెట్టాలని వసీమ్ పట్టుబట్టి రూల్ కూడా తెప్పించాడు. వసీమ్ చేసింది తప్పు కాదు. కానీ ఆ వేలు పెట్టడం ఉందే, అది ఏ మనిషీ మరచిపోడు.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. అంత పగలోనూ, వసీమ్ రాసిన లాగ్‌బుక్‌ను మహేంద్ర ఎన్నడూ తిరగేసి చూడలేదు. కింద సంతకం గీకి డ్యూటీ అందుకునేవాడు.

గదిలో ఇంతకుముందున్న బీహార్ కుర్రాళ్లు వదిలిపోయిన కంప్యూటర్ ఒకటుంది. దాంట్లో రాజ్యాలు కట్టే ఆట ఉంది. ఒకడు తన వంతులో ఊరు కట్టి, దారి వేసి, గుర్రపు దళాన్ని నాలుగు గళ్లు జరిపి 'నెక్స్ట్ టర్న్' నొక్కి పోతే, రెండోవాడు వచ్చి తన వంతు ఆడతాడు. ఎవడి పాస్‌వర్డ్ వాడిది. మాటలు లేని ఇద్దరికీ తిట్టుకోవడానికి అదొక్కటే దారి.

రంజాన్ రెండు నెలలుందనగా వసీమ్ పౌరుషం చంపుకుని నోరు విప్పాడు.

"రంజాన్ నెలంత పొద్దటి డ్యూటీ నాకియ్యి. మా తూబా మొదటి రోజా పడుతున్నది."

తూబా ఏడేళ్ల కూతురు. సంగారెడ్డిలో తల్లి మాహిరా దగ్గర ఉంటుంది. పిల్ల మొదటి ఉపవాసం పట్టిన నాడు పూలదండ వేసి, చుట్టాలను పిలిచి, సాయంత్రం మసీదులో బాంగు వినగానే మొదటి ఖర్జూరం నోట్లో పెడతారు. అది అబ్బా చేత్తోనే కావాలని తూబా మాట తీసుకుంది. పెద్ద కూతురి మొదటి రోజాకు వసీమ్ బాయిలర్ పక్కనే ఉండిపోయాడు, ఆ పిల్ల ఇప్పటికీ దెప్పుతుంది.

"నన్నడుగుతున్నవా?" అన్నాడు మహేంద్ర. "మెమో ఇప్పిచ్చేటప్పుడు నన్ను అడిగినవా? ఆటల గెలువు, తీస్కో. ఓడితివా, నెలంత నాలుగింటి డ్యూటీ నీదే. మషీన్ కాడ్నే ఇడువు రోజా."

మీలో మీరు ఒప్పుకుంటే నాకేంది అన్నాడు మొగులయ్య. ఆ మాటతో యుద్ధం మొదలైంది.

వసీమ్ రేవు పక్కన మంచి ఊరు కట్టి దానికి తూబాబాద్ అని పేరు పెట్టుకున్నాడు. మహేంద్ర రాజధాని లక్డారం, అది వాడి సొంతూరి పేరు. వసీమ్ తూర్పున సైన్యం దింపుదామనుకుంటే, తెల్లారేసరికి తూర్పున మహేంద్ర కోట లేచి ఉండేది. పడవలు కడదామనుకుంటే రేవు మూసుకుపోయేది. ఒకరోజు తూబాబాదే పోయింది. ఆటలో గెలిచిన ఊరికి కొత్త పేరు పెట్టుకోవచ్చు. మహేంద్ర పెట్టిన పేరు చాడీపేట. బిడ్డ పేరు చెరిపి వాడు రాసిన ఆ రాత చూసి వసీమ్ పళ్లు పటపట కొరికాడు.

ఎలా తెలుస్తోంది వీడికి? నాలుగు రోజులకు గానీ బుర్రకు తట్టలేదు. వసీమ్‌కు చేతి అలవాటు ఒకటుంది. ఆటకు కూడా లాగ్‌బుక్ పెట్టాడు! ఎన్నో టర్న్, ఎక్కడ ఎంత సైన్యం, రేపు ఏం చేయాలి, కింద సమయం, సంతకం. మంచం పరుపు కింద నోటుబుక్కు. దాని అంచున ఇప్పుడు సున్నం వేలిముద్ర కనబడింది. ఆ గదిలో తంబాకు నలిపేది మహేంద్ర ఒక్కడే.

వసీమ్ నోటుబుక్కు తెరిచాడు. తర్వాత పెన్ను తీశాడు. 'దళాలన్నీ ఉత్తరానికి. మూడు టర్నుల్లో చాడీపేట మీద దాడి.' సంతకం చేసేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగింది. పదకొండేళ్ల నౌకరీలో వాడు అబద్ధం రాసింది లేదు. ఆట పుస్తకమే కదా అనుకుని గీకేశాడు.

మహేంద్ర సైన్యమంతా ఉత్తరానికి కదిలింది. వసీమ్ దక్షిణం నుంచి వచ్చి, కాపలా లేని లక్డారంలో జెండా పాతాడు. రేపటి నుంచి రంజాన్ అనగా ఆట ముగిసింది.

మహేంద్ర తెర మీద ఆ జెండా చూసి కంప్యూటర్ ఆపేశాడు.

"బుక్కు సదివిన. దొంగతనమే, కాదన," అన్నాడు. "గని నువ్వు తప్పుడు రాత రాస్తవనుకోలె. నిన్ను ఎన్ని తిట్టినా, నీ రాత మీద ఎన్నడు అనుమానపడలె."

"ముల్లును ముల్లుతోనే తీస్తరు," అన్నాడు వసీమ్. గెలిచిన నోరు కదా, ఊరుకోదు.

మొదటి రోజా. మహేంద్ర మాట తప్పలేదు, సరిగ్గా నాలుగింటికి వచ్చాడు. సంతకమే కదా మిగిలిందని వసీమ్ అప్పటికే బట్టలు మార్చుకుని, లాకర్‌లోంచి ఫోన్ తీసుకుని షిఫ్ట్ ఆఫీసులో నిలబడ్డాడు. రెండు బస్సులు మారితే ఆరింటికి ఇల్లు, ఆరున్నరకు బాంగు.

మహేంద్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లాగ్‌బుక్ తెరిచాడు. మొదటి గడి మీద వేలు పెట్టి, మషీన్ అచ్చేసిన చార్టు పక్కన పెట్టి చూశాడు. తర్వాత రెండోది. తర్వాత లేచి వెళ్లి వాల్వులు ఒక్కొక్కటే చూసి వచ్చాడు, డ్రమ్ముల సీళ్లు చూసి వచ్చాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఏంది మహేంద్రా గిది? జల్దీ సంతకం పెట్టు."

"చూడకుంట ఎట్ల పెడ్త? నువ్వు రాసింది గదా."

డ్యూటీ అందుకునే రిలీవర్ సంతకం పడకుండా గేటు దాటితే డ్యూటీ ఎగ్గొట్టినట్టే. వసీమ్ మొగులయ్య దగ్గరికి పరుగెత్తాడు. మొగులయ్య తల గోక్కున్నాడు. "వాడు రూల్ ప్రకారమే చూస్తుండు గదనయ్యా. ఆ రూల్ పట్టుకొచ్చిందే నువ్వైతివి."

నాలుగున్నర అయింది. అయిదయింది. గడులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క అంకె కూడా తేడా లేదు. అయినా వేలు ఆగలేదు.

అయిదూ ఇరవైకి ఫోన్ మోగింది. తూబా.

"అబ్బా, దండ ఏసుకున్న. నీళ్లు కూడా తాగలే. యాడికొచ్చినవ్?"

వసీమ్ గోడ గడియారం చూశాడు, మహేంద్ర వేలు చూశాడు.

"పటాన్‌చెరు దాటిన బేటా. వస్తున్న."

మహేంద్ర తలెత్తి వాడి ముఖంలోకి చూశాడు. వేలు కింది గడి మీదికి జరిపి, చార్టు దగ్గరికి లాక్కున్నాడు.