ఆస్తి కింద రాసిన సముద్రం

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. స్వాడ్లింకోట్‌లో మా వీధిలో అందరికీ తెలిసిందే కాబట్టి అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. మీరు పుట్టేసరికి మేం ఆ వీధి విడిచి వచ్చేశాం. నాకు తెలిసినంత మేరకు చెబుతాను. తెలియని చోట తెలియదనే చెబుతాను.

గాడ్స్‌బీల ఇంట్లో రోజు మొదలయ్యేది రోవీనా మేడమీది వెనకగది కిటికీ తుడవడంతో. గుడ్డకి కాస్త వెనిగర్ అద్ది, అద్దం మీద పేరుకున్న ఉప్పంతా తుడిచి, రెక్క తెరిచేది. పోటు వేళైతే మొహం మీద తుంపర్లు పడేవి. ఆటు వేళైతే తడి ఇసుక, దూరంగా ఒక తెల్లటి గీత కనిపించేవి. మంచం మీదున్న తాత నెవిల్ లేచి కూర్చుని, గాలి గుండెల నిండా పీల్చి, రొట్టె అంచు తుంచి కిటికీ గట్టు మీద పెట్టేవాడు. దానికోసం సీగల్ అనే సముద్రపు పిట్ట ఒకటి వచ్చేది. తర్వాత రోవీనా బడికి, వాళ్లమ్మ హేజెల్ చిన్నపిల్లల బడి వంటింటికి పనికి వెళ్లేవాళ్లు. రోవీనా తండ్రి ఎప్పుడో కోర్బీ అనే ఊరు వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు.

మా స్వాడ్లింకోట్ ఇంగ్లండ్ నడిబొడ్డున ఉంది. ఎటు వెళ్లినా సముద్రం దూరమే. వెనక సందులో నిలబడి తలెత్తి చూస్తే అది మామూలు కిటికీ. దాని కింద చెత్తడబ్బాలు, పక్కింటి డాట్ ఆరేసిన దుప్పట్లు. గదిలోంచి చూస్తే మాత్రం సముద్రం.

నెవిల్ కుర్రతనం నుంచీ మట్టి పైపులు కాల్చే కొలిమిలో పనిచేశాడు. పైపులకి నిగారింపు రావడానికి, ఎర్రగా మండే కొలిమిలోకి పారలతో ఉప్పు విసిరేవాళ్లు. ఆ పొగ అతని ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. డాక్టరు చూసి, "సముద్రపు గాలి తగలాలి. కొన్నాళ్లు ఎక్కడైనా ఒడ్డున ఉండి రండి" అన్నాడు. ఒడ్డున ఎవరింట్లో ఉంటాడు, ఏం తిని ఉంటాడు? వారం తిరిగేసరికి, రోవీనా ఇంకా పుట్టకముందే, సముద్రమే అతని గదికి వచ్చింది.

దానికి వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. డాట్ మాత్రం కింద నుంచి అరిచేది: "నా దుప్పట్లకి చేపల కంపు పట్టిందయ్యా నెవిల్! మీ సముద్రాన్ని కాస్త అటు తిరిగి పడుకోమను!" మళ్లీ సెలవు రోజు రాగానే తనే శాండ్‌విచ్‌లు కట్టుకుని, మనవల్ని వెంటేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ల మెట్లెక్కేది. పిల్లలు వంతులవారీగా కిటికీ గట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకునేవాళ్లు.

ఇలా ఉండగా రోవీనాకి పదహారో ఏడు వచ్చింది. ఆ పిల్లకి ఫిజిక్స్ అంటే ప్రాణం. కానీ వాళ్ల బడిలో ఫిజిక్స్ టీచరు మానేసి వెళ్లిపోయాడు. కొత్తవాళ్లు దొరకలేదు. వచ్చే ఏటి నుంచి పై రెండేళ్ల చదువులో, అంటే సిక్స్త్ ఫారంలో, ఆ పాఠమే ఉండదని చెప్పేశారు. లెక్కల టీచరమ్మ ఆమెని పక్కకి పిలిచి హాల్‌బరో స్కూల్ గురించి చెప్పింది. అది డబ్బున్నవాళ్ల బడి. ఏడాది ఫీజు హేజెల్ ఏడాది జీతం కంటే ఎక్కువ. అయితే పరీక్షలో నెగ్గి, ఫీజు కట్టుకోలేని పిల్లలకి ఆ బడే ఫీజు భరిస్తుందట. రోవీనా శీతాకాలం మొదట్లో పరీక్ష రాసింది, ఇంటర్వ్యూకి వెళ్లింది. సీటు వచ్చింది. ఫీజు సాయం పూర్తిగా వస్తేనే ఆ సీటుకి అర్థం. సగం వచ్చినా రానట్టే.

సాయం కోసం పంపే కాగితాల్లో ఇల్లు, జీతం, బ్యాంకు, అన్నీ అడిగి, చివర్లో "ఇంకేమైనా విలువైనవి ఉంటే రాయండి" అన్నారు. హేజెల్ కలం పట్టుకుని అక్కడ ఆగిపోయింది. కొట్లో చిల్లర ఎక్కువిస్తే వానలో వెనక్కి నడిచి వెళ్లి ఇచ్చి వచ్చే మనిషి ఆమె.

"నాన్నా, సముద్రం రాయాలంటావా?"

"అదెందుకు? దాన్ని మనం కొన్నామా?"

"మనింట్లో ఉంది కదా."

"చలి కూడా మనింట్లోనే ఉంది. అది రాశావా?"

"అమ్మా, వాళ్లడిగేది కార్లూ రెండో ఇల్లూ లాంటివి" అంది రోవీనా.

"'ఇంకేమైనా' అన్నారే. కింద సంతకం పెట్టేది నేను. దాచామని తర్వాత తేలితే నీ సీటు పోతుంది. అంతటితో అయిపోతుందా? నిన్ను అబద్ధాలకోరు కూతురంటారు."

ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: 'సముద్రం. వెనకగది కిటికీలో. మామూలుగా రోజుకి రెండు పోట్లు.'

జనవరిలో స్కూలు తరఫున ఇల్లు చూడడానికి మిసెస్ ప్రాసర్ అనే ఆవిడ వస్తుందని కబురొచ్చింది. ఆ ఉదయమంతా హేజెల్‌కి కాలు నిలవలేదు. హీటర్ వేస్తే ఖర్చుకి వెనకాడని వాళ్లనుకుంటారేమో. వేయకపోతే వచ్చినావిడ వణికిపోతుంది. మంచి బిస్కెట్లు ప్లేటులో పెట్టి, మరీ గొప్పకి పోయినట్టుందని తీసేసి, మర్యాదగా ఉండదని మళ్లీ పెట్టింది.

"ఇంకోసారి ప్లేటు మార్చావంటే అవన్నీ నేనే తినేస్తాను" అన్నాడు నెవిల్. "అప్పుడు ఏ గొడవా ఉండదు."

మిసెస్ ప్రాసర్ మంచి మనిషే. బూట్లు గుమ్మంలోనే విప్పింది. రోవీనా తండ్రి ఏమైనా పంపుతాడా అని ఎంతో మెల్లగా అడిగింది. వంటింట్లో పెచ్చులూడిన గోడ కేసి చూసి, హేజెల్ గమనించకముందే చూపు తిప్పుకుంది. తర్వాత మేడెక్కింది. అప్పుడు నిండు పోటు. పచ్చటి అలలు గట్టుని తాకి వెనక్కి పోతున్నాయి.

"ఎంత బాగుందో!" అంది. కాసేపు అలాగే నిలబడింది. "మా చెల్లెలు దక్షిణాన ఇల్లు వెతుకుతోంది. సముద్రం కిటికీలోంచి కాస్త కనిపిస్తే చాలు, ధర రెట్టింపు చెబుతున్నారట. ఇక్కడైతే ఇంత దగ్గరగా..." తలుపు చట్రం మీద చెయ్యి వేసి చూసింది. "వేసవిలో ఈ గది అద్దెకి ఇచ్చే ఆలోచన ఉందా?"

"భేషుగ్గా ఇస్తాం" అన్నాడు నెవిల్ మంచం మీంచి. "మంచంతో పాటు నేనూ ఉంటాను. దగ్గు ఉచితం."

ఆవిడ మనస్ఫూర్తిగా నవ్వింది. నవ్వుతూనే రాసుకుంది.

మార్చిలో జవాబొచ్చింది. సముద్రానికి ఎదురుగా ఉన్న సొంతిల్లు గల కుటుంబం కాబట్టి సగం ఫీజు వాళ్లే కట్టుకోగలరని లెక్క తేలిందట. పరిస్థితుల్లో ఏదైనా మార్పు వస్తే మే నెలాఖరులోపు తెలపాలట.

హేజెల్ ఫోన్ చేసింది. అవతల గొంతు చాలా మెత్తగా, "అంత విలువైన ఇంటి మీద బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు కదండీ" అంది. ఆమె బ్యాంకుకి వెళ్లింది. బ్యాంకు మనిషి వచ్చి వెనక సందులో నిలబడి, కిటికీని, చెత్తడబ్బాల్ని, డాట్ దుప్పట్లని చూశాడు.

"లోపలికి రండి బాబూ, సముద్రం చూద్దురుగాని" అంది హేజెల్.

"మేం వీధిలోంచి కనిపించేదానికే వెల కడతామండీ" అని వెళ్లిపోయాడు.

స్కూలు లోపల నుంచి చూసింది, బ్యాంకు బయట నుంచి చూసింది. ఇద్దరూ చూసిందే రాశారు. ఎవరితో పోట్లాడాలో హేజెల్‌కి తెలియలేదు.

"ఇటుకలు తెప్పించు" అన్నాడు నెవిల్. "కొలిమి మూతులు ఎన్ని మూశానో లెక్కలేదు. ఈ కిటికీ నాకో లెక్కా? ఒక్క పూట పని."

"అప్పుడు 'గోడ వెనక సముద్రం' అని రాయాల్సొస్తుంది నాన్నా. దాచిపెట్టిన ఆస్తి అంటారు. ఇంకా ఘోరం."

"దేవుడా! నిన్ను ఇంత నిజాయితీగా పెంచింది ఎవరే?"

"నువ్వే."

అతను దగ్గుతూ అటు తిరిగి పడుకున్నాడు. రోవీనా కిటికీ గట్టు మీద కూర్చుని కాళ్లు కిందికి వదిలేసి ఉంది. నీళ్లు ఆమె చీలమండల దాకా వచ్చి పోతున్నాయి.

"నేను వెళ్లనులే అమ్మా" అంది వెనక్కి తిరగకుండా. "ఫిజిక్స్ లేకపోతే ఇంకేదో చదువుతాను. ఏదున్నా చదవచ్చు."

హేజెల్ కిందికి వెళ్లి, కడిగేసిన గిన్నెల్నే మళ్లీ కడిగింది. ఆ నీళ్ల చప్పుడు పైకి వినిపిస్తూనే ఉంది.

ఆ మర్నాటి నుంచే మొదలైందో, అంతకు ముందే మొదలైందో నాకు కచ్చితంగా తెలియదు. పోటు కాస్త తక్కువగా రావడం మొదలెట్టింది. కిటికీ అద్దం మీద ఉప్పు పలచబడింది. సీగల్ రెండు పూటలు రొట్టె తినకుండానే పోయింది, తర్వాత రావడం మానేసింది. ఇసుక ఆరి తెల్లబడింది. తెల్లటి గీత దూరమై, ఇంకా దూరమై, ఈస్టర్ సెలవులయ్యాక ఒక మధ్యాహ్నం రోవీనా బడి నుంచి వచ్చి కిటికీ తీసేసరికి కింద చెత్తడబ్బాలు, దుప్పట్లు ఉన్నాయి.

దుప్పట్ల మధ్య నుంచి డాట్ తలెత్తింది. ఆ ఊళ్లో ముద్దుగా పిలవాలంటే ఎవరినైనా బాతూ అనే అంటారు. "ఏమే బాతూ, అలా గుడ్లప్పగించి చూస్తున్నావు? నా దుప్పట్లు ఎప్పుడూ చూడలేదా?" అంది.

ఆ కిటికీలోంచి నిజంగానే రోవీనా వాటిని ఎప్పుడూ చూడలేదు. డాట్‌కి అది అప్పుడే తట్టింది. చేతిలో ఉన్న క్లిప్పులు డబ్బాలో వేసి, ఇంట్లోకి వెళ్లిపోయింది.

"వెంటనే రాసి పంపు" అన్నాడు నెవిల్ కూతురితో.

"మళ్లీ వస్తే? పోయిందని నేను రాసి, అది తిరిగొస్తే అబద్ధమవుతుంది."

"రాదు."

"నీకెలా తెలుసు?"

హేజెల్ గడువు ఆఖరి వారం దాకా ఆగింది. ప్రతి పోటు వేళా పని మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి, మెట్లెక్కి, చూసి, దిగేది. ఆఖరికి రాసింది: 'సముద్రం పోయింది. మళ్లీ రాదని హామీ ఇవ్వలేను.'

మిసెస్ ప్రాసర్ మళ్లీ వచ్చింది. వెనకగదిలో కిటికీ దగ్గర నిలబడి అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

"ఎక్కడికి వెళ్లింది?" అని అడిగింది.

"మీరు వెల కట్టినప్పుడు అది ఇక్కడే ఉంది కదమ్మా" అన్నాడు నెవిల్. మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. "విని ఉంటుంది."

ఆవిడ చాలాసేపు కలం తీయలేదు. తీశాక గబగబా రాసేసింది. టీ చల్లారిపోయింది. బూట్ల తాళ్లు కట్టుకోవడానికి ఆవిడ వేళ్లు తడబడితే, హేజెల్ వంగి కట్టింది.

పూర్తి సాయం వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ కేక వేయలేదు, ఎవరూ కౌగిలించుకోలేదు. హేజెల్ మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆస్పత్రి వాళ్లు నెవిల్‌కి గొట్టం ఉన్న గాలి యంత్రం తెచ్చి పెట్టారు. అది రోజంతా బుసకొడుతూ ఉండేది.

సెప్టెంబరులో మొదటి రోజు రోవీనా కొత్త కోటు వేసుకుని గదిలోకి వచ్చి నిలబడింది.

"తాతా, నేను మానేస్తాను. మానేశానని తెలిస్తే సముద్రం తిరిగి వచ్చేస్తుంది."

"అది వెళ్లిపోయింది" అన్నాడతను. ఊపిరి అందుకున్నాడు. "నువ్వు కూడా వెళ్లకపోతే... అది ఊరికే పోయినట్టు. బస్సు వెళ్లిపోతుంది, ఫో."

ఆమె వెళ్లింది. ఇక్కడితో కష్టం తీరిపోలేదు పిల్లలూ. ఆ సాయాన్ని ఏటేటా మళ్లీ లెక్కేస్తారు. అంటే చదువు పూర్తయ్యే దాకా సముద్రం తిరిగి రాకూడదు. హేజెల్ పొద్దున్నే వెనకగది తలుపు తోసేటప్పుడు నీళ్లు కనిపిస్తాయేమోనని హడలిపోయేది. తలుపు తీసి తండ్రి ఊపిరి విన్నాక, నీళ్లు లేవని ఏడుపొచ్చేది. రెండూ ఒకే మనిషికి, ఒకే నిమిషంలో. ఆమె చేయగలిగింది ఏమీ లేదు. టీ కాచి పైకి తీసుకెళ్లేది.

రోవీనా ఆఖరి పరీక్ష రాసి వచ్చిన రోజున హేజెల్ ఆ కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. ఆ వేసవంతా వాన కొట్టినా మూయలేదు. రోవీనా ఫిజిక్స్ చదవడానికి గ్లాస్గో వెళ్లింది. మేం సామాను సర్దుకుని ఆ వీధి విడిచే రోజున కూడా నెవిల్ కిటికీ దగ్గర కుర్చీలో, ఒళ్లో యంత్రం గొట్టంతో, డాట్ దుప్పట్ల కేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఇప్పుడున్నాడో లేడో నాకు తెలియదు. ఫోన్ చేస్తే తెలుస్తుంది. చేయలేదు.

అందుకని మీరు ఈ కథ నలుగురికీ చెప్పండి. ఎప్పుడైనా సముద్రం ఒడ్డుకి వెళితే అక్కడ కాస్త గట్టిగా చెప్పండి, పక్కన వినేవాళ్లు లేకపోయినా సరే. ఆ పిల్ల చదువు అయిపోయిందని, ఇంక ఆ ఇంటికి లెక్కలు రాసుకోవడానికి ఎవరూ రారని దానికి తెలియాలి. గాడ్స్‌బీలు దాన్ని తిరిగి ఎలా పిలవాలో తెలియక ఊరుకున్నారు.