ఫ్యాన్లు లేని చర్చి

నాకు వాకాడులో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఫ్యాన్లు అమ్ముతాను, బిగిస్తాను, చెడిపోతే బాగుచేస్తాను, బాగుపడకపోతే ఇంకొకటి అమ్ముతాను. ఆ సంపాదనతోనే మా అమ్మాయి క్యాథరిన్‌ను ఇంజనీరింగు చదివించాను. అది చదువు ముగించి ఉద్యోగంలో చేరాక సొంతంగా చేసిన మొట్టమొదటి పని, మా పల్లె చర్చిని ఫ్యాన్లు అక్కర్లేకుండా గీయడం. నా కడుపుమంట ఎవరికి చెప్పుకోను?

మా పల్లె సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది. పోయిన తుఫానుకు చర్చి కప్పు సగం లేచిపోయింది, సముద్రం వైపు గోడ కొంత కూలింది. మిగిలిన సగం కిందే సర్దుకుని ప్రార్థనలు చేసుకుంటున్నాం. కొత్తది కట్టక తప్పదు. సంఘ పెద్ద బెన్హర్, రొయ్యల గుంటల ఆసామి, నాకు వరసకు బావ, గూడూరు కాంట్రాక్టరు ఒకతని చేత ప్లాను గీయించి తెచ్చాడు. పెద్ద గాజుపెట్టె. కిటికీలు తెరుచుకోవు. పైన బారులు తీరి ఫ్యాన్లు, వేదిక దగ్గర ఏసీ. ఆ రంగుల బొమ్మ చూసి సంఘమంతా మురిసిపోయింది, అందరికంటే ఎక్కువ నేను మురిసిపోయాను. అయితే ఫ్రెడ్డీ అయ్యగారు, అంటే మా పాస్టరు, ఒక మాట అడ్డం వేశారు. మన క్యాథరిన్ కూడా గీస్తానంటోంది, అది కూడా చూసి, రెంటిలో ఏది కట్టాలో సంఘమే చెప్పాలి అన్నారు. అది విని క్యాథరిన్ ఉద్యోగానికి సెలవు పెట్టి నెల్లూరు నుంచి దిగింది.

దిగింది సరే, గీత గీయదే! చర్చి చుట్టూ తిరుగుతుంది, ఎండ ఎక్కడ పడుతోంది, వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయి అని కనపడిన వాళ్లనల్లా అడుగుతుంది. విరిగిన టేకు దూలాలను వేలితో తట్టి చూస్తుంది. బెన్హర్ ప్లాను అప్పటికే ఇంటింటికీ తిరిగి వచ్చింది, నువ్వింకా దూలాలు తడుముతున్నావేమని నేను విసుక్కున్నాను.

"గీసేదానికి ముందే ఆలోచించాల నాయనా. కట్టేటప్పుడు ఖర్చు ఒక్కసారే. కట్టినాక అది నిలబడినంత కాలం కరెంటు తింటాది, రంగులు తింటాది. ఉప్పుగాలికి ఇనుమంతా తుప్పు పడతాది. అదంతా మన తర్వాతోళ్ల నెత్తిన పడకూడదు" అంది.

"ఉప్పుగాలికి ఫ్యాన్లు తుప్పు పట్టబట్టే గదమ్మా నువ్వు ఇంజనీరు అయినావు" అన్నాను. అది నవ్వి నా బుగ్గ గిల్లి పోయింది. పిల్లలకు చదువు చెప్పిస్తే మన మాటకు ఇచ్చే విలువ అంతే.

తర్వాత గాలి ఎటు నుంచి ఎటు పోతుందో చూడాలని చర్చి లోపల ఊదుబత్తి వెలిగించింది. మా సంఘంలో ఊదుబత్తి అంటే మాటలా? మా ఎలిశబెతు పిన్నమ్మ బయట చేపలు ఎండబెట్టుకుంటూ ఆ వాసన పసిగట్టి, ఆ చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఎవురే ఈడ ధూపం ఏసింది?" అని ఆమె వేసిన కేకకు అయ్యగారు బనీనుతోనే ఇంట్లోంచి వచ్చేశారు. పూజ కాదవ్వా, పొగ ఎటు పోతాదో చూస్తన్నా అని ఇది మొత్తుకుంటే వినేదెవరు? చివరికి అయ్యగారే దారి చూపించారు. దోమల కాయిలు వెలిగించుకోమన్నారు, దానికి ఏ మతమూ లేదు. ఆ ఆదివారం ప్రసంగం నడిచినంతసేపూ క్యాథరిన్ వెనక మూల మోకాళ్ల మీద కూర్చుని కాయిలు పొగనే చూస్తూ ఉంది. అంత భక్తి ఈ కాలం పిల్లల్లో ఎక్కడుందని ఊళ్లో ఆడవాళ్లు నా భార్యతో చెప్పి మెచ్చుకున్నారు.

ఆ పై ఆదివారం ప్రార్థన అయ్యాక అట్టతో చేసిన బొమ్మ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. సముద్రం వైపు గోడ నిండా పొడుగాటి కిటికీలు. పడమటి గోడకు పైన, చెయ్యి ఎత్తితే అందేంత ఎత్తులో, మరో వరస. నడుమ ఎత్తుగా పెంకుల కప్పు. పాత ఇటుకలతోనే గోడలు, పాత టేకు దూలాలు కోసి కిటికీ తలుపులు. ప్రసంగం మొదలయ్యే వేళకు సముద్రపు గాలి తిరుగుతుందని, అది కింద నుంచి లోపలికి వస్తే వేడి పై కిటికీల గుండా బయటికి పోతుందని ఓపిగ్గా చెప్పింది. జనం తలలూపారు. నాకు కూడా లోపల పొంగింది, అబద్ధం ఎందుకు.

అయ్యగారు బొమ్మలోకి వేలు పెట్టి, "ఇన్ని కిటికీలు ఎవరు తెరుస్తారమ్మా, వానొస్తే ఎవరు మూస్తారు?" అని అడిగారు.

"ఎవరో ఒకరు తెరుస్తారు గదా అయ్యగారూ" అంది.

"మన సంఘంలో ఎవరో ఒకరంటే ఎవురూ రారని అర్థం" అన్నాడు బెన్హర్. అందరూ నవ్వారు. అతను నవ్వకుండా బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, కప్పు ఎత్తి లోపలికి తొంగి చూశాడు. "పాపా, ఫ్యాన్లు యాడ?"

"ఫ్యాన్లు అక్కర్లేదు మామా."

"అక్కర్లేదా? మరి మా నాయన్ను యాడ పెడతావు?"

కొత్తవాళ్లకు ఇది అర్థం కాదు. మా సంఘంలో ఎవరు పోయినా వాళ్ల పేరు మీద చర్చికి ఫ్యాను ఇవ్వడం ఆనవాయితీ. ఫ్యాను నా దగ్గరే కొంటారు, పేరు నేనే రాస్తాను. ఒక రెక్క మీద పోయినవాళ్ల పేరు, ఒక రెక్క మీద జ్ఞాపకార్థం అనే మాట, మూడో రెక్క మీద ఇచ్చినవాళ్ల పేరు, ఎర్ర ఎనామిల్ రంగుతో. మా చర్చిలో తలెత్తితే ఊళ్లో పోయినవాళ్లందరూ కనిపిస్తారు. చిక్కల్లా ఏమిటంటే, తిరుగుతున్నప్పుడు ఒక్క అక్షరం కూడా చదవలేం. కరెంటు పోతే ఊరంతా ఉస్సూరంటుంది గానీ మా ఎలిశబెతు పిన్నమ్మ మాత్రం గబుక్కున తలెత్తుతుంది, ఫ్యాను నిదానించి మా సంజీవరావు చిన్నాయన పేరు బయటపడుతుందని. కరెంటు పోవాలని ప్రార్థన చేసే మనిషి ఈ మండలం మొత్తానికి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

బెన్హర్ మాటతో సభంతా గోల లేచింది. మా అమ్మ యాడ, మా అన్న యాడ అని తలా ఒక వైపు నుంచి. క్యాథరిన్ వెంటనే, అందరి పేర్లూ చెక్కించి గుమ్మం దగ్గర ఒక రాయి పెడదామంది. అయితే అందులో మొదటి పేరు ఎవరిదని ఇంకో గొడవ లేచింది. పిన్నమ్మ మాత్రం ఏ గొడవలోనూ కలవలేదు. చెంగుతో కళ్లు ఒత్తుకుని, లేచి వెళ్లిపోయింది. బెన్హర్ కాంట్రాక్టరు ప్లాను విప్పి, ఫ్యాన్లు బారులు తీరి ఉన్న చోట వేలు పెట్టాడు. వచ్చే ఆదివారం చేతులెత్తించి తేల్చేద్దామన్నారు అయ్యగారు. చేతులు ఎటు లేస్తాయో అప్పుడే తెలిసిపోయింది.

ఇంటికొచ్చి అది అట్టబొమ్మ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఏడవడం లేదు, ఏడిస్తే నయం. నా బిడ్డ మొదటి గీత అలా తిరిగి రావడం చూశాక, ఫ్యాన్లు ఎన్ని అమ్ముడుపోతాయన్న ఆలోచన ఆ పూట నిజంగా రాలేదు.

"ఆ పేర్లన్నీ రాసింది నువ్వే గదా నాయనా. ముందే ఎందుకు చెప్పలా?"

"నువ్వు గాలి సంగతి అడిగినావు, ఎండ సంగతి అడిగినావు. పేర్ల సంగతి అడిగినావా?"

బొమ్మ పక్కన పెట్టి లేచింది. తర్వాత చెప్పులు తొడుక్కుని తిన్నగా పిన్నమ్మ ఇంటికి నడిచింది. మళ్లీ ఏ కాయిలు వెలిగిస్తుందోనని నేనూ వెంట పోయాను.

పిన్నమ్మ కోపంగానే కాఫీ ఇచ్చింది. మా వాళ్లకు కోపం వచ్చినా కాఫీ ఆగదు. క్యాథరిన్ నేల మీద కూర్చుని, "అవ్వా, తాత పేరు మీద ఫ్యానే ఎందుకు ఇచ్చినావు? బీరువా ఇవ్వచ్చు, గడియారం ఇవ్వచ్చు గదా?" అని అడిగింది.

"గడియారం ఎవురికి కావాలమ్మే? అయ్యగారు దాన్ని చూస్తాడా ఏమన్నా?" అంది పిన్నమ్మ. తర్వాత గొంతు తగ్గింది. "ఎండన పడి వచ్చిన మనిషి నా మొగుడి కింద కూర్చుని హమ్మయ్య అనుకుంటాడు. ఆయన ఇంకా నలుగురికి పనికొస్తా ఉండాడు అనిపిస్తాది. నువ్వు రాయి పెడతానన్నావే, రాయి ఎవురికన్నా గాలిస్తాదా?"

క్యాథరిన్ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "ఇదే నేను ముందు అడగాల్సింది" అని తనలో తానే అనుకుంటూ, సగం తాగిన కాఫీ వదిలి పరుగెత్తింది. పిన్నమ్మ ఆ కాఫీ పారేస్తుందేమోనని నేను తాగేశాను.

ఆ వారమంతా మా ఇంటి ముందు వడ్రంగం. విరిగిన దూలం ఒకటి కోయించి, ఒకే ఒక్క కిటికీ చేయించింది. శనివారం నా చేతికి బ్రష్షు ఇచ్చి ఏం రాయాలో చెప్పింది. ఆదివారం కూలిన గోడ నడుమ, సముద్రం వైపు, దాన్ని నిలబెట్టింది. మూసిన తలుపు మీద ఎర్ర అక్షరాలతో సంజీవరావు జ్ఞాపకార్థం, భార్య ఎలిశబెతు అని ఉంది.

"అవ్వా, నువ్వే తెరువు" అంది.

పిన్నమ్మ ముందు పేరు చూసింది, తర్వాత మా అందరినీ చూసింది, గడియ తీసి తలుపు లాగింది. గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. ముందు వరసలో కీర్తనల పుస్తకాల పేజీలు లేచాయి. అయ్యగారు పంచె పట్టుకున్నారు. పిన్నమ్మ మొహం మీద తెల్ల వెంట్రుకలు ఎగురుతున్నాయి, ఆమె వాటిని సర్దుకోలేదు.

"ఒక్కో కిటికీ ఒక్కో ఇంటిది. ప్రార్థనకు ముందు వాళ్లే వచ్చి తెరవాల, వానొస్తే వాళ్లే మూయాల. ఎవరో ఒకరు కాదు అయ్యగారూ" అంది క్యాథరిన్.

చేతులు లేచాయి. లెక్కపెట్టే పని లేకుండా లేచాయి. అందరికంటే చివర, నిదానంగా, బెన్హర్ చెయ్యి కూడా లేచింది. "అయితే సముద్రం వైపు నడిమి కిటికీ మా నాయనది" అన్నాడు. అంతే, మళ్లీ గొడవ. పడమటి వైపు ఎవరికీ వద్దు. అవి లేకపోతే వేడి బయటికి పోదు, వేడి పోకపోతే గాలి లోపలికి రాదని క్యాథరిన్ గొంతు చించుకుంది. తెరిచి చూసిన కిటికీ పిన్నమ్మదే, మిగతావాటికి చీట్లు వేద్దాం, బైబిల్లో అపొస్తలులు కూడా వేశారు అన్నారు అయ్యగారు. బెన్హర్‌కు పడమటి కిటికీ వచ్చింది. మొహం మాడ్చుకుని, "మా నాయన వేడిగాలి బయటికి పంపించేదానికా?" అన్నాడు.

"బతికున్నప్పుడు మీ నాయన నోరు తెరిస్తే వచ్చింది అదే గదరా" అంది పిన్నమ్మ. బెన్హర్‌తో సహా అందరూ పగలబడి నవ్వారు.

చర్చి పూర్తయింది. మొదటి ఆరాధనకు జనం గంటకు ముందే వచ్చి, ఎవరి కిటికీ వాళ్లు తెరుచుకుని, పక్కవాడి కిటికీ సరిగ్గా తెరవలేదని దెప్పుకుంటూ కూర్చున్నారు. నేను నా దీపాలు చూసుకుంటూ వెనక నిలబడ్డాను. ఫ్యాన్లు లేకపోయినా దీపాలు కావాలి కదా. ప్రసంగం నడుస్తుండగా గాలి తిరిగింది, క్యాథరిన్ చెప్పినట్టే. చెప్పనిది కూడా ఒకటి జరిగింది. పిన్నమ్మ కిటికీ తలుపు కొక్కెం ఊడి టపా టపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అయ్యగారు గొంతు పెంచారు, తలుపు కూడా పెంచింది.

పిన్నమ్మ లేచి, జనం మధ్య నుంచి నడిచి కిటికీ దగ్గరకు పోయింది. తలుపు మీద చెయ్యి వేసి, "ఏందయ్యా నీ గోల? అయ్యగారు మాట్లాడేటప్పుడన్నా నిమ్మళంగా ఉండలేవా?" అని కసిరింది. ఇంట్లో మనిషిని కసిరినట్టే కసిరింది. చర్చిలో ఎవరూ నవ్వలేదు.

క్యాథరిన్ గబగబా వెళ్లి పక్కన నిలబడి, "క్షమించవ్వా, తప్పు నాదే. రేపే రబ్బరు ముక్క పెట్టించి చప్పుడు రాకుండా చేస్తా" అని గుసగుసగా అంది.

పిన్నమ్మ తలుపు మీద నుంచి చెయ్యి తీయకుండానే తల అడ్డంగా ఊపింది.

"వద్దులే పాపా. అట్టనే ఉండనీ. నేను కసురుకునేదానికి ఇంట్లో మనిషి లేక ఎన్నాళ్లయిందో."