నడవని నగారాలు

నగారాలు నడవవు. సాల్జ్‌బర్గ్‌లో ఈ మాట నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా వింటున్నాను.

పెళ్ళి ముందురోజు సాయంత్రానికి సెరినేడ్ అనే పాటల వరస రాయించుకోవడం ఇక్కడి గొప్పింటివాళ్ళ అలవాటు. వాయించేవాళ్ళంతా వంతెన దగ్గర కలుస్తారు. కవాతు పాట వాయిస్తూ వీధుల వెంట నడిచి ఆ ఇంటి తోటకు చేరుతారు. మిగతాదంతా అక్కడ నిలబడి వాయిస్తారు. వయొలిన్ నడుస్తుంది. బాకా నడుస్తుంది. రాగి గంగాళాల్లాంటి రెండు నగారాలు మోసుకుంటూ ఎవడూ నడవలేడు. అందుకని సెరినేడ్‌లో నగారా రాయరు. పెద్ద చర్చిలో పూజకు నేను కావాలి. పెళ్ళికి అక్కర్లేదు.

నాకు అలవాటైపోయింది. వాల్బుర్గకు కాలేదు.

వాల్బుర్గ నా భార్య. మూడేళ్ళ కిందట మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి మూడో అంతస్తులో మా గది దాటలేదు. చర్చికి కూడా రాదు. వేసవిలో సెరినేడ్‌లు మా సందులోంచే పోతాయి. మంచం కిటికీకి జరిపించుకుని వింటుంది. విన్న ప్రతిసారీ నన్ను అడుగుతుంది.

"అందరూ పోతున్నారు. నువ్వేమో ఇక్కడ కూర్చుని ముల్లంగి నములుతున్నావు. నీది ఎప్పుడయ్యా?"

సెప్టెంబరుతో నా కొలువు అయిపోతుంది. నగారాలు ఆర్చ్‌బిషప్ గారివి, తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ వేసవికి మిగిలింది ఒక్క సెరినేడ్. ఉప్పు వర్తకుడు త్సెహెంట్నర్ గారి కూతురి పెళ్ళిది. రాస్తున్నది స్టాడ్లింగర్ మాస్టారు. ఎవరినీ ఏదీ అడిగే అలవాటు నాకు లేదు. ఆయన్ను మాత్రం నాలుగుసార్లు అడిగాను. మూడుసార్లు పాత మాటే చెప్పారు.

నాలుగోసారి, "బండి మీద పెడతాను మాస్టారూ," అన్నాను.

"బండి చప్పుడు ఏ శ్రుతిలో ఉంటుందోయ్?"

"చక్రాలకు గుడ్డలు చుడతాను."

ఆయన కలం కింద పెట్టి నన్ను చూశారు. "నీ నోట ఇన్ని మాటలు ఎప్పుడూ వినలేదు, ఐగ్నర్." అరకాగితం లాక్కుని కవాతుకూ, తోటలో వాయించే ఆఖరి పాటకూ నగారా రాసిచ్చారు. "ఒక్కటి గుర్తుపెట్టుకో. నువ్వు వెనకబడితే ఎవరూ ఆగరు."

కాగితంలో ఉన్నవి ఎక్కువగా అంకెలే. ఇరవై నాలుగు ఆవర్తాలు ఊరుకోవాలి. రెండు దెబ్బలు. పదహారు ఊరుకోవాలి. ఆరు దెబ్బలు, గట్టిగా. నగారా అంటే అంతే. కొట్టేది తక్కువ, లెక్కపెట్టేది ఎక్కువ. ఆ ఆరు దెబ్బలూ సరిగ్గా మా కిటికీ కింద పడాలి. వంతెన నుంచి మా గుమ్మం దాకా రెండుసార్లు అడుగులు వేసి చూసుకున్నాను. సరిపోయింది. వాల్బుర్గతో ఏమీ చెప్పలేదు.

సెరినేడ్ రోజు పొద్దుటి నుంచీ వాన. నాలుగింటికి వెలిసింది. వాన వెలిసినా తడి పోదు, నగారా తోలు సాగిపోతుంది. మరలు ఎంత బిగించినా నానిన అట్టను కొట్టినట్టే మోగుతోంది. వాల్బుర్గ తమ్ముడు విర్గిల్ బీరు బట్టీలో పీపాలు తోస్తాడు. ఆ తోపుడుబండే తెచ్చాడు, తానే తోస్తానన్నాడు. చక్రాలకు వాడి పాత చొక్కాలు చుట్టాం.

వంతెన దగ్గర బాకా వాయించే కుర్రాడు ఫైట్, బండిలోకి తొంగిచూశాడు.

"కవలలా తాతా? నిద్రపోతున్నారా?"

"నీ బాకా కంటే నయం," అన్నాడు విర్గిల్. "వీళ్ళు పాలిస్తే ఊరుకుంటారు."

నేను నగారా పుల్లలు చేతిలోకి తీసుకున్నాను. లెక్క మొదలుపెట్టాలి.

మాస్టారు తలూపారు. కవాతు కదిలింది. ఇరవై నాలుగు అయ్యాయి. రెండు దెబ్బలు వేశాను, చోటు తప్పలేదు. మోత మాత్రం మెత్తగా వచ్చింది. నడుస్తూనే మరలు తిప్పాను. సందులోకి మళ్ళాం. అక్కడ రాళ్ళు ఎగుడుదిగుడు. పద్నాలుగు. పదిహేను. పైన కిటికీలో తెల్ల టోపీ కనిపించింది. పుల్లలు ఎత్తాను.

చక్రం ఊడి పడింది.

బండి మా గుమ్మం ముందే ఒరిగింది. పెద్ద నగారా జారుతుంటే మోకాలు అడ్డం పెట్టాను. వయొలిన్లు నన్ను దాటాయి. కొమ్ముబూరలు దాటాయి. ఫైట్ పెదాల నుంచి బాకా తియ్యకుండానే కళ్ళతో నవ్వాడు. మాస్టారు ఒక్కసారి చూశారు. ఆగలేదు. ముందే చెప్పారు కదా. సందు చివర రాతి ద్వారంలోంచి పాట అవతలికి పోయింది.

"సీల ఊడింది బావా, వెతుక్కొస్తా," అని విర్గిల్ వెనక్కి పరిగెత్తాడు.

బండిని ఒక్క తన్ను తన్నాను. నా కాలివేలే నొప్పెట్టింది.

"ఏమయ్యా!" పైనుంచి వాల్బుర్గ. "ఆగావేం?"

"సీల ఊడింది."

"నీకా?"

"బండికి."

"అవి నీ నగారాలేనా? వీధిలోకి తెచ్చావా?"

"తెచ్చాను."

"నా కోసమా?"

నేను జారిన నగారాను సరిగా నిలబెట్టాను. "మరి కొట్టవేం?" అంది వాల్బుర్గ.

ఒంటరిగా ఏం కొట్టను? పాట అంతా అవతలికి పోయింది. నా దగ్గర ఉన్నది అరకాగితం. ఆ కాగితాన్ని చింపెయ్యాలన్నంత కోపం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆగి, నాలుగుసార్లు అడిగి, అడుగులు కొలిచి, ఇదా!

చింపలేదు. నగారా అంచు మీద పెట్టాను.

"విను," అన్నాను. మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాను.

ఎదురింటి రొట్టెలామె కిటికీ తెరిచింది. "అక్కా, మీ ఆయన వాయిస్తున్నాడా, నిలబడ్డాడా?"

"నోర్మూసుకోవే. లెక్కపెడుతున్నాడు."

ఇరవై నాలుగు. రెండు దెబ్బలు.

"ఇంతేనా?" అంది వాల్బుర్గ. "చర్చిలో బాకాల మధ్య నీది ఏదో తెలిసేది కాదు. ముప్పై ఏళ్ళూ ఇంతేనా చేసింది?"

"ఇంతే."

"దీనికి జీతమిచ్చారా!" రొట్టెలామె పగలబడి నవ్వింది. వాల్బుర్గ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "మళ్ళీ ఎప్పుడు?"

"పదహారు అయ్యాక."

"నేనూ లెక్కపెడతాను, ఉండు." పైనుంచి గట్టిగా మొదలుపెట్టింది. పదకొండు దగ్గర దగ్గొచ్చింది. ఆ దగ్గుతో నా లెక్క కూడా తప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ తప్పలేదు.

"మళ్ళీ ఒకటి నుంచి," అన్నాను. గొంతు చిరాగ్గా పలికింది.

"కసురుకోకు. ఒకటి."

ద్వారం అవతల తోటలో బాకాలు లేచాయి. అసలు సెరినేడ్ మొదలైంది. చినుకులు కూడా మొదలయ్యాయి. తోలు మీద ఒకటి పడింది, ఇంకొకటి పడింది. నేను కప్పలేదు.

విర్గిల్ సీల ఊపుకుంటూ వచ్చాడు. "దొరికింది బావా! పద, పద. ఆఖరి పాటకు అందుకుందాం. ఊరంతా అక్కడే ఉంది. అయ్యో, తోలు తడుస్తోంది, ముందు అది కప్పు!"

"పన్నెండు," అన్నాను.

"ఏంటి బావా?"

"పదమూడు," అంది వాల్బుర్గ పైనుంచి.